తవుడు, చెక్క, గుళిక: మంచినీటి చేపల, రొయ్యల మేతల చరిత్ర

మంచినీటి చేపల పెంపకమును గూర్చి వ్రాయువారు చెరువులను గూర్చియు, చేపపిల్లలను గూర్చియు విరివిగా వ్రాసియున్నారు. మేతను గూర్చి వ్రాసినది స్వల్పము. అయినను నేడు చేపల చెరువుపై రైతు పెట్టు ప్రతి 100 రూపాయలలో 50 మొదలు 60 రూపాయల వరకు మేతకే పోవుచున్నవి. ఒకప్పుడీ మేతకు అనుబంధాహారమని పేరు. చెరువులో తనంతట పుట్టునది ప్రధానాహారము. రైతు చల్లునది దానికి తోడు. నేడు పెక్కు చెరువులలో ఆ వరుస తలక్రిందులైనది. తోడుగా వచ్చినది యజమానియై కూర్చున్నది.

ఈ మార్పు ఎట్లు వచ్చెను, దాని వలన లాభమేమి, నష్టమేమి యనునవి తెలుగువారు ప్రత్యేకముగా తెలిసికొనదగిన విషయములు. ఏలయన చేపల మేత చరిత్రలోని ముఖ్యఘట్టములు కొల్లేటి తీరమున మాత్రమే జరిగినవి కావు. మద్రాసు, కటకము, మంగుళూరు, ముంబయి, యానాము—తెలుగువారు తరతరములుగా స్థిరపడిన రాష్ట్రములందలి యీ స్థలములన్నింటికిని ఇందు భాగము కలదు.

పూర్వపు పద్ధతి

దక్కనులో చేపల మేతను ప్రస్తావించిన ప్రాచీన గ్రంథములలో మానసోల్లాసము ముఖ్యమైనది. దీనికే అభిలషితార్థచింతామణి యని మరియొక పేరు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు సుమారు 1129లో సంస్కృతమున దీనిని రచించెను. ఇందలి మత్స్యవినోద ప్రకరణమున చేపల రకములు, అవి తిరుగు జలములు, వాటికి వేయదగు మేతలు చెప్పబడినవి. ఆనాటి కల్యాణమే నేడు కర్ణాటకములో బీదరు జిల్లాయందలి బసవకల్యాణము. అయితే ఆ మేత గాలపు వేటయను రాజవినోదమునకు సంబంధించినది. ప్రజల ఆహారమునకై చేపలను పెంచుటకు ఉద్దేశింపబడినది కాదు.

దేవాలయముల కోనేళ్లలోను, పుణ్యనదుల రేవులలోను చేపలకు పేలాలు, మరమరాలు చల్లు ఆచారము దక్షిణదేశమున నేటికిని కలదు. శృంగేరిలో తుంగానది మెట్లయొద్ద యాత్రికులు చేయునది ఇదియే. ఇది పుణ్యకార్యము. చేపకు మేత పెట్టిన దగ్గరకు వచ్చునని ప్రజలకు ఎప్పటినుండియో తెలియునుగాని, మేత పెట్టి పెంచిన దిగుబడి ఎంత పెరుగునో లెక్కగట్టినవారు లేకుండిరి.

ఊరి చెరువులలో పద్ధతి వేరు. తొలకరి వరదలతో చేపపిల్లలు వాగులగుండ చెరువు చేరెడివి. పశువులు నీరు త్రాగవచ్చి పేడ వేసెడివి. పొలములపై పారిన వాననీరు సారమును కొనివచ్చెడిది. ఆ సారమువలన కంటికి కనబడని పచ్చని నాచు నీటిలో పుట్టెడిది. నాచును తిని సూక్ష్మజీవులు పెరిగెడివి. వీనిని తిని చేపలు పెరిగెడివి. శాస్త్రజ్ఞులు ప్లవకములని పిలుచునవి ఇవియే. వేసవిలో నీరు తగ్గినపుడు ఊరంతయు చేరి చేపలు పట్టెడివారు. గంజాము చెరువులలోను, కోలారు చెరువులలోను, తమిళదేశపు ఏరులలోను సామాన్యముగా జరిగినది ఇదియే. దిగుబడి తక్కువ, ఖర్చు అంతకంటె తక్కువ.

మద్రాసు మత్స్యశాఖ

1907లో మద్రాసు రాజధానియందు మత్స్యశాఖ యేర్పడెను. సర్ ఫ్రెడరిక్ నికల్సన్ దీనికి మూలపురుషుడు. ఆ కాలమున గంజాము మొదలు నెల్లూరు వరకు గల తీరపు జిల్లాలు, రాయలసీమ, బళ్ళారి, తమిళ జిల్లాలు అన్నియు ఒకే రాజధానిలో నుండెను. కనుక తెలుగుదేశపు నదులలో నేర్చినది తమిళదేశమునకును, అక్కడ నేర్చినది ఇక్కడికిని చేరుట సులభమయ్యెను. 1911లో కర్నూలు జిల్లా సుంకేసులలో, తుంగభద్ర యొడ్డున, ఈ శాఖ చేపల క్షేత్రమును నెలకొల్పెను. గోదావరీ కృష్ణలకు చెందిన బొచ్చె చేప కావేరికి సహజమైనది కాదు. మత్స్యశాఖయే దానిని 20వ శతాబ్దపు పూర్వార్ధమున కావేరీ జలములకు తరలించెను. నేడు తమిళనాడు చెరువులలో కనబడు బొచ్చె ఆ విధముగా తెలుగు నదులనుండి వలసపోయినదే.

చేపతోపాటు మేత వలసపోలేదు. ఆనాటి అధికారులకు చేపపిల్లలు దొరకుటయే గొప్ప సమస్య. ఈ జాతి చేపలు నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టవు. వర్షర్తువున పొంగిన నదులలో మాత్రమే పెట్టును. కావున ప్రతియేట నదిలో వలలు పన్ని పిల్లలను ఏరవలసి వచ్చెడిది. ఏరిన పిల్లలలో మంచిజాతివెన్నియో, తోటి చేపలను మ్రింగు జాతివెన్నియో తెలియదు. పిల్లలే దుర్లభమైన కాలమున వాటి మేతను గూర్చి ఆలోచించు తీరిక ఎవ్వరికిని లేకుండెను.

ఆ కాలముననే ఆర్కాటు జిల్లాలలోను, రాయలసీమ మెట్టభూములలోను వేరుసెనగ విస్తరించుచుండెను. నూనె తీయగా మిగిలిన చెక్క పశువుల కుడితిలోనికిని, చెరకు తోటల ఎరువునకును పోయెడిది. వరి మిల్లులు పెరిగిన కొలది తవుడును విరివిగా లభించెను. చేపకు రాబోవు మేత ఈ విధముగా గానుగయొద్దను, మిల్లుయొద్దను సిద్ధముగా నుండెను. దానికి చెరువు దారి ఇంకను తెలియలేదు.

కటకపు ప్రయోగములు

గజపతుల రాజధానిగా తెలుగువారికి చిరపరిచితమైన కటకము ఆ దారిని చూపెను. 1947లో కేంద్ర అంతర్దేశీయ మత్స్యపరిశోధన సంస్థ వంగదేశమున స్థాపింపబడెను. చెరువులలో చేపల పెంపకమును పరిశోధించుటకై 1949లో కటకమున దాని శాఖ వెలసెను. 1957 జూలై 10వ తేదీన ఈ శాఖకు చెందిన హీరాలాల్ చౌధురి ఒడిషాలో, కె. హెచ్. అలికున్హితో కలసి చేసిన కృషిలో, పీయూషగ్రంథి రసమును సూదిమందుగా నెక్కించి చేపలచేత చెరువునందే గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థుడయ్యెను. జూలై 10వ తేదీ నేడు దేశమంతట మత్స్యరైతుల దినముగా జరుపబడుచున్నది.

ఈ విజయము మేత చరిత్రలోను ఒక మలుపు. నదిపై ఆధారపడక కోరినన్ని పిల్లలను పుట్టించగలిగిన పిమ్మట, వానిని బ్రతికించుట యెట్లు అను ప్రశ్న ముందునకు వచ్చెను. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల సుమారు మూడు దినములు తన పొట్టయందలి సొనతో జీవించును. తరువాత మేత దొరకనిచో చచ్చును. నర్సరీ చెరువులకు ఒక క్రమము ఏర్పడెను. మొదట హెక్టారునకు 2500 కిలోల ఇప్పచెక్క వేయుదురు. అందలి విషగుణము శత్రుజాతి చేపలను చంపును. ఆ గుణము విరిగిన పిమ్మట అదే చెక్క ఎరువై ప్లవకములను పెంచును. పిల్లలను వదలిన తరువాత మెత్తగా పొడిచేసిన వేరుసెనగ చెక్కను, తవుడును సమభాగములుగా కలిపి చల్లుదురు. లక్ష పిల్లలకు తొలి 5 దినములు దినమునకు 600 గ్రాములు, తరువాత 1.2 కిలోలు పరిమాణము.

సమభాగములు అనుటలో యుక్తి కలదు. తవుడులో మాంసకృత్తులు నూటికి 12 లేక 13 పాళ్లుండును. వేరుసెనగ చెక్కలో 40 పాళ్లకు మించియుండును. రెండును సగము సగము కలిపిన నూటికి 27 పాళ్లు వచ్చును. పెరుగుచున్న బొచ్చె, శీలావతి, మోసులకు కావలసినది 25 నుండి 30 పాళ్లు. పసిపిల్లలకు ఇంకను ఎక్కువ కావలెను గాని, ఆ లోటును నర్సరీ చెరువులోని సూక్ష్మజీవులు తీర్చును. అనుబంధాహారమను పేరు ఇందుకే తగియుండెను.

1959లో వెండిచేప, గడ్డిచేప అను విదేశీజాతులు కటకమునకు తేబడెను. నీటి పైపొరలో మేయు బొచ్చె, నడిమి పొరలో మేయు శీలావతి, అడుగున మేయు మోసు, వీనితో విదేశీజాతులు, బంగారుతీగ కలసి ఒకే చెరువులో పెరుగు మిశ్రమ పద్ధతి రూపొందెను. 1971లో దీనిపై అఖిలభారత సమన్వయ పరిశోధన పథకము మొదలయ్యెను. ఒక్కొక్క జాతి ఒక్కొక్క పొరలోని ఆహారమును వాడుకొనును గావున చెరువులోని తిండి ఏదియు వృథా పోదు. పైన చల్లిన తవుడు చెక్కలు లోటును మాత్రము పూరించును. హెక్టారునకు ఏటికి 600 కిలోలు దొరకుట కష్టముగా నున్న చెరువులలో 3 టన్నులకు మించి పండించవచ్చునని దేశమునకు నమ్మకము కలిగినది ఈ పద్ధతివలననే.

కటకపు కృషి తరువాత భువనేశ్వరము చెంత కౌసల్యాగంగకు తరలి, 1987లో కేంద్ర మంచినీటి జీవపాలన సంస్థయను స్వతంత్రసంస్థ యయ్యెను. విజయవాడలోను, బెంగుళూరు సమీపమున హెసరఘట్టలోను దీనికి శాఖలేర్పడెను. గంజాము తెలుగువారికి కేంద్రమైన బరంపురము చెంత, రంగైలుండలో, 1981లో మత్స్యకళాశాల వెలసెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాము మద్రాసు రాజధానినుండి విడివడి ఒడిషాలో చేరినపుడు తెలుగువారు దానిని ఎడబాటుగా నెంచిరి; కాని చేపల విద్యలో ఆ ఎల్ల ఇరువైపులవారికిని ద్వారమే యయ్యెను. ఒడిషాలో పుట్టిన పద్ధతి కొల్లేటికి వచ్చెను. కొల్లేటి చేపలు బరంపురము మీదుగా ఒడిషా, వంగదేశపు అంగళ్లకు పోయెను.

కొల్లేటి సంచి

1970వ దశకపు ఉత్తరార్ధము మొదలు కొల్లేటి పరిసరములలో చేపల చెరువులు త్వరితముగా పెరిగెను. ఇచటి రైతులు కటకపు పాఠమును నేర్చి, దానిని తమకు తగినట్లు మార్చిరి. కలకత్తా విపణిలో శీలావతికి గిరాకి ఎక్కువగుటచే చెరువులో నూటికి 80 పాళ్లకు మించి శీలావతినే వేసి, మిగిలినది బొచ్చెతో నింపిరి. అడుగున మేయు మోసును పెక్కుమంది విడిచిరి. పిల్లలను చిన్నవిగా నున్నపుడే వేయక, ఇరుకు చెరువులలో కొన్ని నెలలుంచి ముదిరిన పిమ్మట పెద్ద చెరువులలోనికి వదలిరి.

మేత వేయు విధమునను ఒక క్రొత్తదనము కనబడెను. తవుడును నీటిపై చల్లిన గాలికి కొంత, అడుగునకు కొంత పోవును. ఈ నష్టము లేకుండుటకై రైతులు ఎరువుల సంచులకు క్రింది భాగమున రంధ్రములు చేసి, అందు మేత నింపి, వెదురుగడలకు గాని, చెరువునకు అడ్డముగా కట్టిన త్రాళ్లకు గాని వ్రేలాడదీసిరి. చేపలు సంచియొద్దకు వచ్చి, రంధ్రములనుండి మేతను లాగి తినుట అలవరచుకొనెను. సంచి ఖాళీయైన ఆకలి ఉన్నదని తెలియును. మేత మిగిలిన చేపకు జబ్బైనను, నీటిలో ప్రాణవాయువు తగ్గియైనను ఉండవలెనని తెలియును. ఒక చినిగిన సంచి మేతపాత్రయు, పరీక్షాసాధనమును అయ్యెను. ఇది ఏ ప్రయోగశాలలోను పుట్టినది కాదు; రైతుల సొంత కల్పన. 1993లో ఆసియా మత్స్యసంఘపు భారతశాఖ మంగుళూరునుండి ప్రకటించిన గ్రంథమున నందీశ మొదలగు శాస్త్రజ్ఞులు ఆంధ్ర రైతుల పద్ధతులను వివరించిరి. శాస్త్రజ్ఞులకు రైతులు పాఠము చెప్పిన సందర్భములలో ఇది యొకటి.

అయితే సంచిలోని సరకు మారెను. నూనె మిల్లులు తవుడునుండియు నూనె తీయ మొదలిడినందున, నూనె తీసిన తవుడు చౌకగా లభించెను. వేరుసెనగ చెక్క ధర పెరిగిన కొలది దాని పాలు తగ్గెను. పత్తిగింజల చెక్క కొంత ఆ స్థానమున చేరెను. 80 పాళ్లు నూనె తీసిన తవుడు, 20 పాళ్లు వేరుసెనగ చెక్క కలిపిన మాంసకృత్తులు నూటికి 20 పాళ్లకంటె అంతగా మించవు. చేపకు కావలసినది 25. తక్కిన అయిదు పాళ్లు ఎచటినుండి వచ్చెను? చెరువునుండియే. పేడ, కోళ్ల ఎరువు, రసాయనపు ఎరువు వేసి నీటిని పచ్చగా నుంచిన రైతు లాభపడెను. తవుడునే నమ్మి నీటిని మరచిన రైతు ఎక్కువ సంచులు వ్రేలాడదీసి తక్కువ చేపలు పట్టెను.

మేత మిగిలి కుళ్లిన నీరు చెడును. కొల్లేటిలో చెరువుల విస్తరణమునకు ప్రకృతి తన మూల్యమును అడిగెను. 1999లో సరస్సు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2006 నాటికి దాని హద్దులలోని చెరువుల గట్లు పెక్కు కొట్టివేయబడెను. అంతకు పూర్వమే పెంపకము సరస్సును దాటి పొలములలోనికి వ్యాపించియుండెను.

పట్టుపురుగు, సోయా

మేతలో చేపపొడి వాడుట ఖరీదైన పని. దానికి బదులేమి యను పరిశోధనమునకు కర్ణాటకము ఒక స్థానమయ్యెను. మంగుళూరు మత్స్యకళాశాల 1969లో ఏర్పడినది. దేశములో ఇటువంటి కళాశాలలలో మొదటిది. ఇచట 1980వ దశకమునుండి జరిగిన ప్రయోగములలో పట్టుపురుగు ప్యూపా చేపపొడికి బదులుగా పనికివచ్చునని తేలెను. పట్టుకాయనుండి దారము తీసిన పిమ్మట మిగులునది ఈ ప్యూపా. ఎండినదానిలో సుమారు సగము మాంసకృత్తులే. శిడ్లఘట్ట, చింతామణి, కోలారు ప్రాంతములలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు అనేకము కలవు. పట్టు ఆ సీమకు ప్రధానవృత్తి. దారము తీయువారికి కంపుకొట్టు వ్యర్థముగా తోచినది చేపకు బలమైన ఆహారము. కాని దానియందలి కొవ్వు నిలువచేసిన త్వరలో చెడును. అందుచే ఆరబెట్టుటలోను, నిలువచేయుటలోను జాగ్రత్త కావలెను.

కాలక్రమమున మేత కర్మాగారములు ఎక్కువగా ఆశ్రయించినది సోయాచిక్కుడు చెక్కను. మహారాష్ట్రలోని విదర్భ, మరాఠ్వాడా నల్లరేగళ్లలో పండు సోయా నేడు గోదావరి మండలపు చేపల మేతలో ముఖ్యభాగము. 2021లో దాని ధర మితిమీరి పెరిగినపుడు కేంద్రప్రభుత్వము 12 లక్షల టన్నుల సోయాచెక్క దిగుమతికి అనుమతి నీయవలసి వచ్చెను. మేత ఎంత దూరమునుండి వచ్చునో, ధరపై రైతు అదుపు అంత తగ్గునని ఆ సంవత్సరము నిరూపించెను. మహారాష్ట్రకు ఈ రంగమున మరియొక స్థానమును కలదు. 1961లో ముంబయిలో నెలకొల్పబడిన కేంద్ర మత్స్యవిద్యాసంస్థకు కాకినాడలో శాఖయు, బలభద్రపురములో మంచినీటి చేపల క్షేత్రమును కలవు.

గౌతమీతీరపు రొయ్య

రొయ్య కథ యానాము చుట్టుపట్ల మొదలగును. వ్యాపారులు స్కాంపీ యని పిలుచు నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరుగును. గ్రుడ్లు మోయు ఆడురొయ్య మాత్రము ఉప్పునీటి పాలు గల నదీముఖమునకు దిగివచ్చును. పిల్లలు ఆ నీటిలోనే తొలి వారములు గడపి, తిరిగి ఏటికి ఎదురీదును. గౌతమి సముద్రమును సమీపించు చోట నున్న యానాము అట్టి నదీముఖమునకు చేరువ. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండి, నేడు పుదుచ్చేరిలో భాగమైన యీ తెలుగు పట్టణపు జాలరులు ఆ రొయ్యల రాకపోకలను తరతరములుగా ఎరుగుదురు.

జాలరులకు తెలిసిన యీ రాకపోకల రహస్యమును పెంపకమునకు పనికివచ్చునట్లు మలేషియాలో ఎస్. డబ్ల్యు. లింగ్ 1961-62లో నిరూపించెను. ఉప్పు కలిపిన నీరు లేనిదే రొయ్యపిల్ల బ్రతుకదని తేలినది. అటుపై రొయ్యపిల్లల కేంద్రములు వెలసెను. అచట పసిపిల్లలకు ఆర్టీమియా యను సూక్ష్మమైన ఉప్పునీటి జీవిని, గ్రుడ్డు, పాలపొడి మున్నగునవి కలిపి ఉడికించిన మెత్తని మేతను పెట్టుదురు.

రొయ్య తిండి చేప తిండి వంటిది కాదు. చేప ఒక్క గ్రుక్కలో మ్రింగును. రొయ్య మేతను కాళ్లతో పట్టి కొరికి కొరికి తినును. అందుచే దాని గుళిక నీటిలో కొన్ని గంటలు కరగక నిలువవలెను. రొయ్య కొలెస్టరాలును తన దేహమున తయారుచేసికొనజాలదు; మేతనుండియే పొందవలెను. పెరుగుటకై మాటిమాటికి పైపెంకును విడుచును; క్రొత్త పెంకు గట్టిపడుటకు సున్నము మొదలగు ఖనిజములు కావలెను. పెంకు విడిచిన రొయ్య మెత్తగా, నిస్సహాయముగా నుండును. ఆకలిగొన్న తోటి రొయ్యలు దానిని తినును. రొయ్యల చెరువులో మేత తక్కువగుట పెరుగుదలనే కాదు, సంఖ్యను కూడ తగ్గించునను సత్యము ఇందున్నది.

1990వ దశకపు చివర నెల్లూరు, గోదావరి జిల్లాలలో స్కాంపీ పెంపకము విజృంభించెను. 2005-06లో దేశపు ఉత్పత్తి సుమారు 43 వేల టన్నులకు చేరెను. పిమ్మట తెల్లతోక వ్యాధి, పెరుగుదలలో వ్యత్యాసములు దానిని క్రుంగదీసెను. 2009లో వనామి రొయ్యకు అనుమతి లభించుటతో రైతులు దానివైపు మరలిరి. అదే సంవత్సరము ఐరోపా సమాఖ్య, నైట్రోఫ్యురాన్ అవశేషములు కనబడుటచేత, భారతదేశపు రొయ్యల సరకులకు పరీక్షలను నిర్బంధము చేసెను. నిషిద్ధౌషధము చెరువును దాటి, సముద్రమును దాటి, పరదేశపు రేవులో బయటపడెను.

గుళికలు, పోషకద్రవ్యములు

గడచిన రెండు దశాబ్దములలో నీటిపై తేలు గుళికల మేత వ్యాపించెను. పిండిని ఆవిరితో ఉడికించి, గట్టి ఒత్తిడితో సన్నని రంధ్రములగుండ వెలువరించిన అది పొంగి, లోపల గాలి నిలిచి, తేలును. తవుడు చెక్కల మేత మూడు కిలోలు మ్రింగి చేప ఒక కిలో పెరుగు చోట, మంచి గుళికమేత కిలోన్నరకు లోపుగనే సరిపోవును. చేప తినుట కంటికి కనబడును. నీరు తక్కువ చెడును. ఈ లాభములను కాదనుటకు వీలులేదు. కాని గుళిక ఖరీదైనది; పెక్కుచోట్ల అది అరువుపై వచ్చును; అరువిచ్చిన వర్తకునికి పట్టుబడి సమయమున చేపపై హక్కు ఏర్పడును.

గుళికలతోపాటు సీసాలును, పొట్లములును వచ్చెను: ఖనిజ మిశ్రమములు, విటమినులు, జీర్ణరసములు, మేలుచేయు సూక్ష్మజీవులు. వీనిలో శాస్త్రసమ్మతమైనవి కలవు. తవుడులో భాస్వరము విస్తారముగా నున్నను, అది ఫైటేటు రూపమున బంధింపబడియుండును. బొచ్చె శీలావతులకు జీర్ణకోశము లేదు, ప్రేగు మాత్రమే కలదు. కావున ఆ భాస్వరము వానికి అందదు. సున్నమును చేప నీటినుండి మొప్పలద్వారా గ్రహింపగలదు. భాస్వరమును మేతనుండియే పొందవలెను. కనుక తవుడుపై ఆధారపడు చెరువునకు భాస్వరపు లవణము అనుబంధముగా నిచ్చుట యుక్తము. సి విటమిను కొరవడిన పెక్కుజాతుల చేపలకు వెన్నెముక వంగును; అది వేడికి నశించును గావున, నశింపని రూపమున కలుపవలెను.

నిలువ మేత విషమగుటయు చరిత్ర నేర్పిన పాఠమే. 1960లో ఇంగ్లండులో వేలకొలది టర్కీకోళ్లు చచ్చినపుడు, కారణము బూజుపట్టిన వేరుసెనగ చెక్కయని తేలెను. అఫ్లాటాక్సిను అను విషము లోకమునకు అట్లు తెలిసెను. వర్షకాలమున తేమ తగిలిన చెక్కను చౌకగా దొరకినదని చెరువులో వేయుట ఈ విషమును కొనుటయే. పత్తిగింజల చెక్కలోని గాసిపాలును మితిమీరిన హాని చేయును.

కాని ఏ ద్రవ్యము ఎంత కలదో తెలుపని పొట్లములకును కొరత లేదు. మేతల నాణ్యతను నియమించుటకై ఆంధ్రప్రదేశము 2020లో ప్రత్యేకచట్టము చేసెను. చట్టము పొట్లముపై వ్రాతను సరిదిద్దగలదు. కొనువాని తెలివిని అది కలిగింపజాలదు. ఇందేమున్నది? నా చెరువునకు లేనిది ఇదియేనా? నీటిలో వేసిన పిమ్మట చేప నోటికి చేరువరకు ఇది నిలుచునా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము దొరకని పోషకద్రవ్యము చేపకు గాక వర్తకునికే పోషకము.

ఉపసంహారము

బాపట్లలో 1939లో జన్మించిన మోదడుగు విజయగుప్త 2005లో ప్రపంచ ఆహార బహుమానమును పొందెను. ఆయన కృషిలో ప్రసిద్ధమైన భాగము బంగ్లాదేశమున జరిగినది. కొద్ది నెలలు మాత్రమే నీరు నిలుచు గుంటలలో, తవుడు వంటి ఇంటి వ్యర్థములను మేతగా వేసి, త్వరగా పెరుగు చేపలను పేద స్త్రీలచేత పెంపించిన కృషి అది. తవుడు యుగము ముగిసినదనువారికి ఇది సమాధానము. మేత విలువ అందలి మాంసకృత్తుల లెక్కలో మాత్రమే లేదు. ఏ నీటికి, ఎవరి శక్తికి తగినదియను వివేకములో నున్నది.

గంజాము, కోలారు, బళ్ళారి, సిరోంచ ప్రాంతములందును, తమిళనాటి పల్లెలందును తెలుగువారు నివసించు ఊళ్లలో చెరువులు కలవు. వానిలో పెక్కు చిన్నవి, వేసవిలో ఎండునవి. ఇట్టి చెరువులలో కొల్లేటి పెద్దరైతు వాడు గుళికలను అరువుపై తెచ్చి వేయుట పాడికి బదులు అప్పును పెంచుట యగును. పెద్దచెరువునకు గుళిక సరిపోవచ్చును. చిన్నచెరువునకు పేడ, పచ్చని నీరు, మూడు పొరలలో మేయు మూడు జాతులు, పైన కొద్దిపాటి తవుడు, బూజుపట్టని చెక్క, అవసరమైన భాస్వరము చాలును. ఇది కటకమున 70 ఏండ్ల క్రిందట మొదలైన పద్ధతియే.

అనుబంధాహారమనగా తోడు అని అర్థము. తోడు తోడుగా నున్నంతకాలము రైతు లాభపడెను. చెరువును మరచి తోడునే నమ్మినచోట్ల రైతు అప్పుల పాలయ్యెను, నీరు చెడెను. ఒడిషాలో పుట్టి, కొల్లేట పెరిగి, కర్ణాటకమున పరీక్షింపబడి, మహారాష్ట్ర సోయాతో పోషింపబడిన యీ విద్య ఏ ఒక్క రాష్ట్రపు సొత్తును కాదు. ఆయా రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారు రెండు భాషలెరిగినవారు. తమ ఊరి చెరువు కథను అటువారికిని, అటువారి పాఠమును ఇటువారికిని చెప్పగలవారు వారే. ఆ పని వారు పూనుకొనిన, చేప పళ్లెములోనికి వచ్చుటకు ముందే అప్పు ఇంటిలోనికి రాకుండుటకు మార్గమేర్పడగలదు.